పరదేశం పిల్లల గేదె

పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక నీకు మిగిలిందేమిటని ఎవరైనా అడిగితే కుడి చెయ్యి చూపిస్తాను. ఎడమ చేతికంటే అది కాస్త లావుగా ఉంటుంది. ముప్పైరెండేళ్ళు భుజం దాకా గేదెల్లో పెట్టిన చెయ్యి మరి. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా తెలిసినవాళ్ళు ఇంకో వరసలో కూర్చునేవారు. నేనేమీ అనుకోలేదు. వాళ్ళ గొడ్డుకు కష్టం వచ్చిననాడు ఈ చెయ్యి కోసమే వాళ్ళు పరుగెత్తుకొచ్చేవారు.

నా తర్వాత మా ఆసుపత్రికి వచ్చిన యువ డాక్టరు ఒకసారి సత్తెనపల్లిలో మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి సార్, మాలాంటి వాళ్ళకు పనికొస్తాయి అన్నాడు. నాకు ప్రమోషను ఎప్పుడొచ్చిందో, ఏ ఆఫీసరు నన్ను ఏ మూలకు బదిలీ చేశాడో రాస్తే ఎవరికీ పనికిరాదు. నాకు బుద్ధి వచ్చిన సందర్భాలు మాత్రం రాయగలను. అవి ఎక్కువ లేవు, ఎందుకంటే నేను త్వరగా బుద్ధి తెచ్చుకునే రకం కాదు. ఉన్నవాటిలో పెద్దది ఒక గేదె వల్ల వచ్చింది. ఆ గేదె యజమానులు ఈ దేశంలో లేరు.

మొదటి తప్పు

నా మొదటి ఉద్యోగం వినుకొండకు ఎగువన ఒక పల్లెలో. ఊరి పేరు రాయను, రాస్తే ఆ ఊరివాళ్ళు చదివి నా లెక్క తప్పని ఫోన్లు చేస్తారు. అప్పుడు నా పై డాక్టరు రామలింగయ్య గారు. నోటి దురుసు మనిషి, చెయ్యి మాత్రం బంగారం. "ఒరేయ్, గొడ్డుకి నోరు లేదు, నిజమే. నోరున్నవాడు దాని పక్కనే నిలబడి ఉంటాడు. ముందు వాడు చెప్పేది విను, తర్వాత చెయ్యి పెట్టు" అనేవారు.

నేను వినలేదు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి, వినడం మా సిలబస్‌లో లేదు. ఒక ఇంట్లో గేదె చూడిదా కాదా చూడమంటే చెయ్యి పెట్టి చూసి, కాదని తేల్చేశాను. ఆ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తలుపు చాటునుంచి, "చూడిదేనండి. నా చెవి ఆనించి చూశాను, లోపల కదుల్తోంది" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఐదారు నెలల చూలులో గర్భసంచి కిందికి జారిపోతుంది, చేతికి అందదు. ఆ సంగతి నా పుస్తకంలో ఉంది కానీ నా చేతికి ఇంకా రాలేదు.

నా మాట మీద ఆ గేదెను సంతకు తోలబోయారు. కోడలు అడ్డుపడి ఆపించింది. నాలుగు నెలలకు గేదె చక్కని పెయ్యను ఈనింది. ఊరివాళ్ళు ఆ పెయ్యకు "డాక్టరు" అని పేరు పెట్టారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. దాని కూతురికీ ఆ పేరే, మనవరాలికీ అదే పేరు. నేను ఎక్కడెక్కడో తిరిగి చివరి నాలుగేళ్ళ సర్వీసుకు మళ్ళీ ఆ ఆసుపత్రికే వచ్చేసరికి ఊళ్ళో ముని మనవరాలు డాక్టరు ఉంది. మొదటి రోజే పాలకేంద్రం దగ్గర ఎవరో అంటున్నారు, డాక్టరు ఈ మధ్య సరిగా మెయ్యట్లేదని.

ఆ కోడలు పేరు అనసూయమ్మ. అప్పటికి భర్త పోయాడు. కొడుకు చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో షిఫ్టులకు వెళ్తాడు. ఆమెకు ఉన్నది ఒక్కటే గేదె, ఆ డాక్టరే. నన్ను చూసి, "ఏం డాక్టరు గారూ, ఇప్పుడన్నా చెయ్యి అందుద్దా?" అని పలకరించింది. మంచినీళ్ళ కంటే ముందు ఆ మాటే ఇచ్చింది.

ఊరు దానం చేసిన విధం

కార్తీక మాసంలో ఒక సాయంత్రం పాలకేంద్రం దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఏదో దూరదేశంలో యుద్ధం. పిల్లలు ఖాళీ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడటం టీవీలో చూపించారట. ఆ దేశం పేరు ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతున్నారు. నేను రాసినా తప్పే రాస్తాను కాబట్టి వదిలేస్తున్నాను.

పాల సొసైటీ ప్రెసిడెంటు కోటేశ్వరరావు తెల్లచొక్కా, తెల్లపంచె తప్ప కట్టని భారీ మనిషి. "మనమూ ఏదో ఒకటి పంపాలండి. పాలమ్ముకునే ఊరు మనది. పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడితే చూస్తా ఎట్టా ఊరుకుంటాం?" అన్నాడు. అతనికి పేరు పిచ్చి ఉంది, కానీ ఆ మాట పేరు కోసం అన్నది కాదు. ముప్పైరెండేళ్ళు రైతుల వాకిళ్ళలో నిలబడినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు.

మిరప రైతు శ్రీను ముందుకొచ్చి, "ఈసారి కోతలో రెండు బస్తాల కాయలు నావి" అన్నాడు.

"ఆకలితో ఉన్న పిల్లలకి మిరపకాయలేందిరా?" అన్నాడు పేరయ్య. ఈయన రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసి రాసి మానేసినవాడు. ఊళ్ళో ఏ మాటకైనా చట్టం చెబుతాడు.

"మరి వాళ్ళు కూర ఎట్టా వండుకుంటారు?" అని శ్రీను నిజంగానే అడిగాడు.

ఇంకొకాయన పత్తి ఇస్తానన్నాడు, అక్కడ చలట. పంపేదెలా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. అప్పుడు పాలు పోయడానికొచ్చిన అనసూయమ్మ క్యాను కింద పెట్టి, "నా బర్రెనిస్తా" అంది.

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె పుట్టిల్లు రేపల్లె దాటి సముద్రం పక్కన. చిన్నప్పుడు ఉప్పెనలో ఇల్లు పోయింది, తండ్రి పోయాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు కానీ ఆమె నోట ఎవరూ వినలేదు.

"నన్నూ మా అమ్మనీ బడి వరండాలో పెట్టారండి. డబ్బాల్లో పాలపిండి వచ్చేది. దాని మీద మనకి రాని అక్షరాలు. ఏ దేశందో తెలీదు. ఆ పాలు రుచిగా ఉండవు, పిండి వాసన. అయినా నాలుగు నెలలు అవే తాగి బతికా. ఆ డబ్బా ఒకటి మా అమ్మ తెచ్చుకుంది, ఇప్పుడు నా కాడుంది. అందులోనే ఉప్పు పోసుకుంటా" అంది. క్యాను మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఎవరో పోశారు, తాగాను. నేనూ పోయాలి గదా" అంది.

అక్కడితో ఆగి ఉంటే అది చక్కటి కథ అయ్యేది, కానీ కోటేశ్వరరావు తీర్మానం చేద్దామన్నాడు.

పది రోజులకు గుంటూరు నుంచి ఒక సహాయ సంస్థ తరఫున ఒకమ్మాయి స్కూటరు మీద వచ్చింది. రైతులు ఇచ్చే చందా తీసుకుందామని ఆమె ఉద్దేశం. ఊరు డప్పులతో ఎదురెళ్ళింది. ఆరు నెలల చూడి గేదె, కొమ్ములకు పసుపు, మెడలో బంతిపూల దండ. కోటేశ్వరరావు రెండు చేతులతో పలుపు అందించి, "జాగ్రత్తగా తోలుకెళ్ళండమ్మా. మిట్టపల్లాల్లో నిదానం" అన్నాడు.

"ఎక్కడికండి?" అంది ఆ పిల్ల.

"ఆ దేశానికి."

ఆమె నావైపు చూసింది. నేను నా చెప్పులవైపు చూశాను. గేదె ఆమె చేతిలో పలుపు ఉందని గమనించి స్కూటరు బుట్టలో ఉన్న కాగితాలు వాసన చూసింది. ఆమె ఓపికగా చెప్పింది: మేం జీవాలను తీసుకోమండి, అక్కడికి దగ్గరలోనే పాలపిండి, తిండిగింజలు కొని పంచుతాం అని. ఊరు చిన్నబుచ్చుకుంది.

"ఇచ్చినదాన్ని ఎనక్కి తీసుకుంటే పాపం" అన్నాడు కోటేశ్వరరావు.

ఆ చిక్కు పేరయ్య విప్పాడు. "దేవుడికి మొక్కిన జీవాన్ని దేవుడొచ్చి తోలుకెళ్తాడా? ఊళ్ళోనే తిరుగుద్ది. పేరు మాత్రం దేవుడిది. ఇదీ అంతే. బర్రె ఇక్కడుంటది, ఓనర్లు అక్కడుంటారు. ఈనినాక పాలు వాళ్ళ లెక్కలో పోస్తాం, దాని మీద వచ్చింది ఈ అమ్మాయికి పంపిస్తాం."

ఆ అమ్మాయి బతుకు జీవుడా అని మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. పాలకేంద్రం ముందు పదడుగుల టేకు చెక్క మీద "పరదేశం పిల్లల సహాయ కేంద్రం" అని రాయించి కోటేశ్వరరావు బోర్డు కట్టించాడు. కింద అతని పేరు కొంచెం పెద్ద అక్షరాల్లో ఉంది.

నా రెండో తప్పు

ఇక్కడే నేను చేరాను. ప్రతి గేదెకూ చెవికి పసుపుపచ్చ ట్యాగు వేసి కంప్యూటర్లో ఎక్కించాలి. పేరయ్య దగ్గరుండి, ఓనరు పేరు మార్చండి, లేకపోతే దానం చెల్లదన్నాడు. నాకు సరదా పుట్టింది. రిటైరయ్యే మనిషికి అప్పుడప్పుడూ పుట్టే సరదా అది, మంచిది కాదు. యజమాని పేరు దగ్గర "పరదేశం పిల్లలు" అని కొట్టాను. తండ్రి పేరు ఇవ్వకపోతే ముందుకు కదలనంది కంప్యూటరు.

"దేవుడని కొట్టండి" అన్నాడు పేరయ్య.

కొట్టాను. నిజమైన రైతుల నిజమైన గేదెలను నాలుగేసిసార్లు తిప్పి పంపిన ఆ కంప్యూటరు దీన్ని ఒక్కసారికే ఒప్పుకుంది. తర్వాత పై ఆఫీసు నుంచి, సదరు యజమానుల చిరునామా తెలుపగలరు అని కాగితం వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టాను.

సరదాగా రాసిన మాట కాగితం మీదే ఉంటుందనుకున్నాను. మా పల్నాట్లో మొక్కిన జీవానికి కొన్ని మర్యాదలు ఉన్నాయి. కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, చేలో పడితే అదిలించకూడదు. ఆ మర్యాదలన్నీ డాక్టరుకు వచ్చాయి. అచ్చోసిన ఆంబోతును అందరూ చూసి ఉంటారు. అచ్చోసిన గేదెను నేను మొదటిసారి చూశాను. తనకిక అడ్డు లేదన్న సంగతి దానికి నాలుగు రోజుల్లో అర్థమైంది. పొద్దున పాలకేంద్రంలో తవుడు, పది గంటలకు కోటేశ్వరరావు పచ్చగడ్డి మడి, మధ్యాహ్నం ఎవరింటి ముందు పత్తిగింజల గంప ఉంటే అక్కడ హాజరు. దాని వెనకాల అనసూయమ్మ నడుస్తూ ఇంటింటికీ క్షమాపణ చెప్పేది.

చూడి గేదె నడవాలి, మితంగా తినాలి. ఇది మూడు నెలల్లో పీపాలా తయారైంది. నేను చూసి, "దీన్ని ఇట్లా మేపితే ఈనేటప్పుడు కష్టం" అని నవ్వుతూ అన్నాను. వాళ్ళూ నవ్వారు. యువ డాక్టర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రైతుకు చెప్పాల్సిన కఠినమైన మాటను నవ్వుతూ చెబితే అది చెప్పనట్టే లెక్క. నా రెండో తప్పు కంప్యూటర్లో చేసింది కాదు, ఇది.

కళ్ళంలో కాన్పు

వసంతమంటే అందరికీ కోయిల గుర్తొస్తుంది. మా వైపు పశువుల డాక్టరుకు తుమ్ములు గుర్తొస్తాయి. ఫాల్గుణం వెళ్ళేనాటికి కళ్ళాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, గాలి ఎటు వీస్తే ఆ ఊరు తుమ్ముతుంది. పత్తి ఆఖరి తీత అయిపోయి చేలల్లో కట్టె మిగులుతుంది. గేదెలు ఎక్కువగా వానలకు, చలికి ఈనుతాయి కాబట్టి వసంతానికి పాడి తగ్గుతుంది. ఆ ఏడు ఆ ఊళ్ళో వసంతంలో ఈనబోయే గేదె ఒక్క డాక్టరే. ఊరంతా దాని పాలకోసం ఎదురుచూస్తోంది.

దానికి శ్రీను కళ్ళం బాగా నచ్చింది. ఎండకు వేడెక్కిన నేల, చుట్టూ కాయలు. రోజూ మధ్యాహ్నం వచ్చి మధ్యలో పడుకునేది. శ్రీను చేతులు జోడించి, "అమ్మా, లే తల్లీ, కాయ నలిగిపోద్ది" అని బతిమాలడం నేను కళ్ళారా చూశాను.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి కోటేశ్వరరావు ఫోను. "డాక్టరు కళ్ళంలో పడిపోయిందండి. తెల్లారగట్ల నుంచి నొప్పులు. లేవట్లేదు."

నేను వెళ్ళేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఎర్రటి కాయల మధ్య నల్లగా గేదె, దాని తల ఒళ్ళో పెట్టుకుని అనసూయమ్మ. నొప్పులు వస్తున్నాయి, ఉమ్మనీటి సంచి మాత్రం కనబడలేదు. చెయ్యి కడుక్కున్నాను. మిరపకాయల మీదుగా నడిచొచ్చిన మనిషి గేదెలో చెయ్యి పెట్టేముందు ఎన్నిసార్లు కడుక్కోవాలో ఏ పుస్తకంలోనూ లేదు. వేరుశనగ నూనె, తర్వాత సబ్బు, మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. అప్పుడు పెట్టాను. లోపల దారి కొంతదూరం వెళ్ళి మెలి దగ్గర ఆగిపోయింది, పిండిన తడిగుడ్డలా ఉంది.

గర్భసంచి మెలిపడింది. దూడ బయటికి రాలేదు. కొన్ని గంటలు అలాగే ఉంటే దూడ చస్తుంది, తర్వాత తల్లీ చస్తుంది. ఆపరేషను చేసే చోటికి తీసుకెళ్ళేంత వ్యవధి లేదు. మిగిలింది ఒకటే. కాళ్ళు తాళ్ళతో కట్టి, డొక్క మీద పొడుగాటి చెక్క ఆనించి, చెక్క మీద మనుషులు నిలబడి, గేదెను మెలి పడ్డ వైపుకే దొర్లించాలి. లోపలి సంచిని చెక్క కదలనివ్వదు, పైన ఒళ్ళు తిరుగుతుంది, మెలి విడుతుంది. ఆ మాటే చెప్పాను.

ఒక్కరూ కదల్లేదు.

"మొక్కిన జీవాన్ని తాళ్ళేసి కట్టకూడదండి. ఓనరు మాట ఉండాలి" అన్నాడు పేరయ్య.

"ఓనరు ఎవరయ్యా?"

"మీరే రాశారు గదండి. కంప్యూటర్లో ఉంది."

ఆ నిమిషంలో నా సరదా ఎక్కడికి వచ్చిందో నాకు తెలిసింది. పేరయ్య ఆగలేదు. ఓనర్లు మైనర్లు గనక గార్డియను ఉండాలి, గార్డియను ఒప్పుకుంటే చేయొచ్చు, ఆ గార్డియను ఎవరో తేలాలి అన్నాడు. కోటేశ్వరరావు గుంటూరు అమ్మాయికి ఫోను కలిపి, ఆ దేశంలో ఎవరినైనా అడిగి చెప్పమన్నాడు. "ఏమని అడగమంటారండీ?" అని ఆమె గొంతు స్పీకర్లో వినిపించింది. "బర్రెను దొర్లించొచ్చా అని" అన్నాడు ఇతను. కనుక్కుని చెబుతానండి అని ఆమె ఫోను పెట్టేసింది.

నేను అరిచాను. బూతులు కూడా వాడానేమో, గుర్తులేదు. గేదె మూలిగింది. శ్రీను నా దగ్గరికొచ్చి మెల్లిగా, "కోపం చెయ్యమాకండి డాక్టరు గారూ. మా గొడ్డయితే మీ మాట పూర్తి కాకముందే తాళ్ళేసేవాళ్ళం. ఇది ఆ పిల్లలది. దొర్లించినాక చస్తే వాళ్ళకేం చెబుతాం?" అన్నాడు. వాళ్ళు మూర్ఖంగా నిలబడలేదు, భయపడి నిలబడ్డారు. తిండి లేని పిల్లల సొమ్ము తమ చేతుల్లో పోతుందేమోనని వాళ్ళ భయం. ఆ భయాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అనసూయమ్మ గేదె తలను మెల్లిగా నేల మీద పెట్టి లేచింది.

"పేరయ్యన్నా, ఆ డబ్బాలు పంపినోళ్ళకి నేనెవర్ని?"

పేరయ్య ఆమెవైపు తిరిగాడు.

"వాళ్ళు నన్ను చూళ్ళేదు. నా పేరు తెలీదు. వాళ్ళ లెక్కలో నేను పరదేశం పిల్లనే గదా? తండ్రి పేరు కాడ దేవుడని కొట్టారంట. మా నాన్న ఉప్పెనలో పోయినాక నాకూ ఆయనే తండ్రి. ఆ పిల్లల్లో నేనొకదాన్ని. నేను చెబుతున్నా. దొర్లించండి డాక్టరు గారూ, చస్తే నేనే వాళ్ళకి చెప్పుకుంటా."

పేరయ్య రెండు క్షణాలు ఆలోచించి, "చెల్లుద్ది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో యాభైమంది ఒక్కసారిగా కదిలారు. తాళ్ళు వచ్చాయి. పొడుగాటి చెక్క కావాలంటే ఊళ్ళో ఉన్నది ఒక్కటే, పాలకేంద్రం బోర్డు. నలుగురు పోయి దాన్ని ఊడదీసి తెచ్చారు. చెక్క మీద బరువుకు మనిషి కావాలన్నప్పుడు కోటేశ్వరరావు పంచె ఎగ్గట్టి తానే ఎక్కాడు. తన పేరు మీదే నిలబడ్డాడు. శ్రీను ముందు కాయలను పారతో పక్కకు లాగబోయి, నావైపు చూసి పార పారేశాడు. "కాయ పోతే పోయింది, తిప్పండి" అన్నాడు.

అందరూ ఒక్క ఊపులో తిప్పాలి. నేను ఒకటి, రెండు అనేసరికి ఎవరో తుమ్మారు, ఆ వెంటనే అందరూ తుమ్మారు. మళ్ళీ మొదలు. నలిగిన మిరపకాయల ఘాటుకు కళ్ళు కనబడటంలేదు. మొదటిసారి దొర్లించాం, నూనె, సబ్బు, చెయ్యి పెట్టి చూశాను, మెలి అలాగే ఉంది. రెండోసారి కోటేశ్వరరావు తుమ్మి చెక్క మీదనుంచి కాయల్లో పడ్డాడు. లేచి మళ్ళీ ఎక్కాడు. ఆ తెల్లబట్టలు ఇక ఏ చాకిరేవులోనూ తెల్లబడలేదు. మూడోసారి దొర్లించి చెయ్యి పెడితే దారి తెరుచుకుంది. ఉమ్మనీరు నా మోచేతి మీదుగా పొర్లింది. నా సర్వీసులో నన్ను తడిపిన వాటన్నింటిలో నాకు ఇష్టమైన తడి అది.

ముందరి కాళ్ళు చిక్కాయి, నలుగురం లాగాం. దూడ కాయల మీద పడింది. పెయ్య. కదల్లేదు. ఊపిరి లేదు. ముక్కులు తుడిచాను, గుండె మీద రుద్దాను. అలాంటప్పుడు ముక్కులో గడ్డిపరక పెట్టి కదిలిస్తాం, తుమ్ము వస్తే ఊపిరి వస్తుంది. గడ్డిపరక, గడ్డిపరక అని అరుస్తున్నాను. మిరపకాయల కళ్ళంలో గడ్డి ఎక్కడుంటుంది? అనసూయమ్మ వంగి దూడ మూతి మీది కాయగింజలు తుడవబోయింది.

దూడ తుమ్మింది.

ఒకసారి కాదు, వరసగా. తుమ్మీ తుమ్మీ తల ఎత్తింది. గడ్డిపరకతో జరగాల్సిన పని కళ్ళంలోని ఘాటుతో జరిగింది. అనసూయమ్మ దూడ మీద చేతులు వేసి ఏడ్చింది. అందరి కళ్ళలోనూ నీళ్ళే. ఎవరివి మిరపకాయలవో ఎవరివి కావో చెప్పలేను. నావి మిరపకాయలవి కావు.

జున్ను, తర్వాత

ఈనిన గేదె జున్ను పాలు మా వైపు అమ్మరు, ఇరుగుపొరుగుకు పంచుతారు. అనసూయమ్మ ఇంటింటికీ ఇచ్చింది. ఓనర్ల వాటా సంగతేంటని పేరయ్య లేవదీశాడు. జున్ను అంత దూరం నిలవదు. ఆమె ఒక గిన్నె తీసుకుని ఊరి చివర గుడారాల దగ్గరికి వెళ్ళింది. మిరపకాయలు కొయ్యడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళ పిల్లలు అక్కడ ఉంటారు. "దూరాన్నుంచి వచ్చినోళ్ళే గదా" అంది. పేరయ్య చెల్లుతుందన్నాడు.

పాలకేంద్రంలో ఆ గేదె పాలకు వేరే క్యాను పెట్టారు. వేసవి నాటికి మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మంగళవారం పొద్దుటి పాలు అందులోనే పోయడం మొదలుపెట్టారు. ఎవరూ తీర్మానం చెయ్యలేదు. గేదెను మళ్ళీ కట్టేస్తున్నారు, నేను ఈసారి నవ్వకుండా చెప్పాను. బోర్డు తిరిగి ఎక్కింది. కోటేశ్వరరావు పేరు మధ్యనుంచి అడ్డంగా పగులు, దాని మీద ఎర్రమరకలు. కొత్తగా రాయిస్తావా అంటే, వద్దండి, ఇప్పుడే బాగుంది అన్నాడు.

ఆ వేసవిలోనే నేను రిటైరయ్యాను. కంప్యూటర్లో ఆ పేరు సరిచేయాలని ఆఖరి రోజు దాకా అనుకుని సరిచేయలేదు. సరదాగా ఏదీ రాయకూడదని ఈ వ్యాసంలో మీకు బోధించాలని కూడా అనుకున్నాను. మొన్న వచ్చిన ఫోను తర్వాత ఆ బోధ మానుకున్నాను.

నా స్థానంలో వచ్చిన యువ డాక్టరే ఫోను చేశాడు. "సార్, ఇక్కడ ఒక గేదె ఓనరు పరదేశం పిల్లలు, తండ్రి పేరు దేవుడు అని ఉంది. తప్పు ఎంట్రీ, సరిచెయ్యమని పైనుంచి అడుగుతున్నారు."

"ఆ గేదె దగ్గరికి వెళ్ళావా?"

"లేదు సార్."

"వెళ్ళిరా. దాని పక్కన ఒకావిడ నిలబడి ఉంటుంది. ఆవిడ చెప్పేది విను. తర్వాత నీ ఇష్టం."

వారం తర్వాత మళ్ళీ చేశాడు. గొంతు కాస్త మారింది. "విన్నాను సార్" అన్నాడు.

"సరిచేశావా?"

"లేదు సార్. పెయ్యక్కూడా ట్యాగు వేసి అవే పేర్లు కొట్టాను. కంప్యూటరు ఒక్కసారికే ఒప్పుకుంది."